లాటిను గ్రంథములలో తెలుగు చేపలు

ద్రాక్షారామమునకు పోయినవారు సప్తగోదావరిలో స్నానమాడి, రెండంతస్తుల ఎత్తున నిలిచిన భీమేశ్వరలింగమును దర్శించి, ఎండ ముదురక మునుపే ఇల్లు చేరుదురు. ఆలయపు గోడలను, స్తంభములను నిలిచి చదువువారు తక్కువ. ఆ రాళ్లమీద వందల కొలది శాసనములు కలవు. వానిలో పెక్కు ఒకే తీరువి. ఫలానావాడు స్వామికి అఖండదీపము వెలుగుటకై ఇన్ని గొర్రెల నిచ్చెను. ఇది ఆచంద్రార్కము సాగవలెను. దీపము లారిపోయినవి. గొర్రెల మందలు ఎన్నడో అంతరించినవి. ఇచ్చినవాని పేరు మాత్రము నిలిచినది.

నేనిప్పుడు చెప్పబోవునది వేరొక విధమైన శాసనములను గూర్చి. అవి రాతిమీద లేవు. లండనులోను, పారిసులోను అచ్చయిన మత్స్యశాస్త్ర గ్రంథములలో నున్నవి. వాని భాష లాటిను. అయినను ఆ లాటిను మాటల నడుమ ఉన్నట్టుండి మన సముద్రతీరపు జాలరి పలుకు వినిపించును. తోల్, సవల, పుట, మూకలి, రాతి: ఇవి యన్నియు చేపలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేళ్లలోని భాగములు. ఇవి యెట్లు అక్కడికి చేరినవో, వీనిలో ఏవి నిలిచినవో, ఏవి రాలిపోయినవో తెలిసికొనుట తెలుగువానికి ఆసక్తి కలిగించు విషయమే. అందును రంగురంగుల రాతిచేపల కథ మరింత చిత్రమైనది.

ముందుగా ఒక చిక్కు విప్పవలసి యున్నది. రంగుచేపల ప్రస్తావన రాగానే పగడపు దిబ్బలు మనస్సునకు తోచును. మన గోదావరి ముఖద్వారమున పగడపు దిబ్బలు లేవు, ఉండుటకు వీలును లేదు. పగడపు దిబ్బను కట్టునది గోరంత జీవి. లక్షలాది జీవులు తమ చుట్టు సున్నపు గూళ్లు కట్టుకొనగా, ఆ గూళ్లు ఒకదానిపై నొకటి పేరుకొని దిబ్బ యగును. ఆ జీవి శరీరములో కంటికి కనబడని నాచు కాపురముండి, ఎండ సాయమున ఆహారము సిద్ధపరచి, అందులో పెద్దభాగము ఇంటి యజమానికి అద్దెగా చెల్లించును. ఎండ చొరని బురదనీటిలో ఈ కాపురము సాగదు. నీటిలో ఉప్పు తగ్గినను సాగదు. గోదావరి 1,465 కిలోమీటరుల దారిలో దక్కనుపీఠభూమి మన్నును కడిగి తెచ్చి సముద్రమున కలుపుచున్నది. ఆషాఢము మొదలు భాద్రపదము వరకు ఆ ఎర్రనీరు తీరమునకు దూరముగ పోయి గాని విరిగిపోదు. ఏ మన్ను మనకు కోనసీమను, వరిచేలను ఇచ్చినదో ఆ మన్నే పగడమునకు మృత్యువు. అందుచేతనే భారతదేశమున పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖలోను, పాక్ సింధుశాఖలోను, కచ్ సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఏర్పడినవి. (మన నగలలోని ఎర్రపగడము ఈ దిబ్బల పగడము కాదు. దాని జాతి వేరు. అది మధ్యధరా సముద్రమునుండి వర్తకుల వలన మన దేశమునకు వచ్చినది.)

కనుక డెల్టావాసికి చేపయనగా పులస, పండుగప్ప, మట్టగిడస. వెండివన్నె, బూడిదవన్నె, బురదవన్నె. చారలు, చుక్కలు, పసుపు, ఎరుపు, నీలము గల చేపలు ఏ దూరదేశపు సముద్రములోనో యుండునని అతని తలంపు. అయితే కాకినాడ దాటి ఉత్తరముగ పోయినకొలది తీరపు స్వరూపము మారును. తూర్పుకనుమలు సముద్రమునకు చేరువగును. విశాఖపట్టణమున కొండయే సముద్రములోనికి దిగినది. డాల్ఫిన్స్ నోస్ కొండ పాదమున, భీముని పట్టణము దారి పొడుగున, అలల క్రింద నల్లని రాళ్లు బారులు తీరి యున్నవి. పెద్ద పగడపు దిబ్బ లేకున్నను, దాగుటకు సందులు గల రాయి, కొంత తేట నీరు ఉన్నచోట రాతిచేప చేరును. ఆ చేపలను, వాని తెలుగు పేళ్లతో సహా, మొదట గ్రంథస్థము చేసినవాడు పాట్రిక్ రసెల్.

రసెల్ కథ చెప్పుటకు మరల గోదావరి మండలమునకే రావలసి యున్నది. పద్దెనిమిదవ శతాబ్ది చివర మన తీరమున ముగ్గురు వైద్యులు ప్రకృతిశాస్త్రమును అభ్యసించుచుండిరి. విలియం రాక్స్‌బరో 1781 మొదలు సామర్లకోటలో నుండెను. ద్రాక్షారామమువలె సామర్లకోటయు పంచారామములలో నొకటి యన్న సంగతి శ్రోతల కెరుకయే. అక్కడ అతడు తోట వేసి మిరియము మొదలగు పైరులను పరీక్షించుచు, ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. రెండవవాడు యోహాన్ కోనిగ్. ఇతడు లిన్నేయసు మహాశయుని శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ నియమింపబడెను. 1784లో కలకత్తాకు పోవు దారిలో విశాఖపట్టణమున దిగి అక్కడి వైద్యుని కలిసికొనెను. ఆ వైద్యుడే మూడవవాడైన రసెల్. మరుసటి సంవత్సరము, 1785 జూను నెలలో, కోనిగ్ గ్రహణి వ్యాధి సోకి కాకినాడ జగన్నాయకపురములో మరణించెను. సామర్లకోటనుండి రాక్స్‌బరో వచ్చి చివరి వరకు చికిత్స చేసెను. ద్రాక్షారామమునుండి ఒక్కపూట ప్రయాణములో చేరగల చోట నొక లిన్నేయసు శిష్యుడు కన్నుమూసిన సంగతి మన స్థలచరిత్రలలో తరచుగ కానరాదు. కోనిగ్ ఖాళీ చేసిన పదవి రసెల్‌కు వచ్చినది.

రసెల్ 1726లో స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించెను. ఈ దేశమునకు రాకముందు సిరియాలోని అలెప్పో నగరమున చాలకాలము వైద్యుడుగ నుండి, 1760 మొదలు 1762 వరకు అక్కడ చెలరేగిన మహామారిని కన్నులార చూచెను. ఆ అనుభవమునుండియే 1791లో ప్లేగును గూర్చిన అతని పెద్దగ్రంథము వెలువడినది. అతని తమ్ముడు క్లాడ్ రసెల్‌కు విశాఖపట్టణమున కంపెనీ యధికారము లభింపగా, 1781లో తమ్మునితో కూడ ఇతడును ఇక్కడికి వచ్చెను. అప్పటికి అతనికి ఏబది యైదేండ్లు. సామాన్యులు విశ్రాంతి కోరు వయస్సున అతడు పాములను పట్టించుట ఆరంభించెను.

పాముల గ్రంథమును గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. చేపల గ్రంథమున కనుసరించిన పద్ధతి అక్కడ ముందుగ కనబడును. ఏ పాము విషము గలది, ఏది కాదు అని తెలిసిననే గాని వైద్యుడు కాటునకు చికిత్స చేయలేడు. ఆ తెలివి పుస్తకములలో లేదు. ఇక్కడి జనుల వద్ద నున్నది. కాబట్టి రసెల్ వారిని అడిగెను. వారు చెప్పిన పేరునే వ్రాసికొనెను. కాటుకరేకుల పొడ అను పేరు అట్లే 1796లో లండనున అచ్చయినది. ఆ పామునే నేడు లోకము రసెల్ వైపర్ అనుచున్నది. బంగారుపాము అను తెలుగు పేరునుండి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ బంగారస్ అని ఒక ప్రజాతికే పేరు పెట్టెను. కట్లపాము కూడ శాస్త్రమున ఆ బంగారపు కుటుంబములోనిదే.

రసెల్ 1789లో ఇంగ్లండునకు మరలిపోయెను. పదునాలుగేండ్ల తరువాత, 1803లో, విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల వర్ణనలును, చిత్రములును గల గ్రంథము రెండు సంపుటములుగ వెలువడినది. మరి రెండేండ్లకే, 1805 జూలైలో, అతడు లండనులో మరణించెను. చిత్రములను వ్రాసినది ఈ దేశపు చిత్రకారుని కుంచె. అతని పేరు చరిత్రకెక్కలేదు.

ఈ గ్రంథమునకు గల విశేష మేమనగా, రసెల్ చాల చేపలకు లాటిను జాతిపేళ్లు పెట్టలేదు. లిన్నేయసు చేసిన పద్ధతి ప్రకారము ప్రతి జీవికి రెండు మాటల పేరుండవలెను: మొదటిది ప్రజాతి, రెండవది జాతి. రసెల్ వద్ద రెండవ మాట స్థానమున జాలరులు చెప్పిన తెలుగు మాట నిలిచినది. అతడు వానిని తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు లిపిలో వ్రాసెను. అందుచేత ఆ పేళ్లను ఇంగ్లీషువాడు చదివిన ఒకటి, ఫ్రెంచివాడు చదివిన మరియొకటి. తెలుగువాడు మెల్లగ, పైకి చదివిన మాత్రము తెర తొలగినట్లగును. 'నాల సందవా' అని యున్నది నల్లచందువ. 'తెల్ల సందవా' తెల్లచందువ. నేటికిని చేపల అంగడిలో ఈ మాటలే. ముట్టిన చేయి మొద్దుబారునట్లు చేయు విద్యుత్తు టేకు ఒకటి కలదు. దానిని రసెల్ 'తెమిరీ' అని వ్రాసెను. తిమ్మిరి అని చదువుటకు మనకు నిఘంటువు అక్కరలేదు.

ఇక రాతిచేప. రసెల్ గ్రంథములో 'రాహ్తి పోతా' అని యొక చేప కలదు. అరచేతిలో ఇమిడెడు చేప. వీపు పసుపు, కడుపు తెలుపు, ప్రక్కలయందు నిలువుగ అయిదు నల్లని పట్టెలు. నలుపు పసుపుల ఈ పొంకము రాతినీటిలో గుంపుగ కదలుచుండగ చూచినవారు మరువలేరు. ఇంగ్లీషువారు ఆ పట్టెలను చూచి దానికి సార్జెంటు అని పేరిడిరి. సైనికోద్యోగి భుజముమీది చారలు వారికి జ్ఞప్తికి వచ్చినవి. మన జాలరి చారలను చూడలేదు. అది ఎక్కడ నుండునో చూచెను. రాతి పోత: రాళ్లలో నుండు పోత. నేను దీనిని ఇట్లే చదువుకొనుచున్నాను. ఇసుకనేలపై వల లాగినపుడు దొరకని చేప రాళ్లచెంత గాలము వేసిన దొరకునన్న తెలివి ఆ పేరులోనే యున్నది. చేపపేరు చెప్పగానే దాని ఊరు తెలియును. బొంతులయందు కూడ రాతిబొంతు అను నొకదానిని రసెల్ వేరుగ పేర్కొనెను.

ఆ పేరెంత తగినదో ఆ చేప జీవితమును పరిశీలించినచో తెలియును. గ్రుడ్లు పెట్టు కాలమున మగచేప ఒక రాతిముఖమును ఎన్నుకొని నోటితో తుడిచి శుభ్రము చేయును. పచ్చనిమేని కాంతి తగ్గి అపుడు నీలిచాయ వచ్చును. ఆడచేప వచ్చి ఆ రాతికి గ్రుడ్లను పలుచని పొరవలె అంటించి వెడలిపోవును. అటుపైన కాపలా అంతయు మగదానిదే. గ్రుడ్లపై రెక్కలతో నీరు విసరుచు, తనకంటె పదింతలు గల చేప దగ్గరకు వచ్చినను ఎదుర్కొని తరుమును. ఈతగాండ్రను కూడ పొడుచుట కలదు. రాయి లేనిదే దానికి సంతానము లేదు. ఇసుకతీరము ఎన్ని మైళ్లున్నను దాని కది ఎడారియే.

పారిసు నగరమున కువియే, వాలెన్సియెన్ అను ఇరువురు పండితులు 1828 మొదలు 1849 వరకు ఇరువదిరెండు సంపుటములలో లోకమునందలి చేపలన్నిటిని వర్ణింప పూనుకొనిరి. వారి బల్లమీద రసెల్ గ్రంథముండెను. పేరులేని చేప కనబడినచోట, వారు తెలుగు మాటనే కొంత కత్తిరించి లాటిను పేరుగ చేసిరి. 1830లో కువియే ఈ చేపకు గ్లిఫిసోడాన్ రాహ్తి అని నామకరణము చేసెను. తెలుగు తెలియని పండితుడు చేపను విడిచి రాయిని మాత్రము తీసికొనెను! అయినను ఆ పొరపాటు నాకు ప్రియమైనది. రాతియే దాని పేరని ఒప్పుకొన్నట్లయినది. ఆ పేరు మాత్రము నిలువలేదు. 1825లోనే ఇద్దరు ఫ్రెంచి నావికశాస్త్రజ్ఞులు, క్వా, గైమార్ అనువారు, న్యూగినీ చెంతనున్న వైగియో దీవిలో దొరికిన అదే చేపకు ఆ దీవి పేరు పెట్టి యుండిరి. ముందు పెట్టినదే చెల్లునని శాస్త్రనియమము. అయిదేండ్ల ఆలస్యముచే మన రాయి జారిపోయి పర్యాయపదముల పట్టికలో పడినది.

రెండవ చేపకు అదృష్టము కొంత మెరుగు. రసెల్ వ్రాతలో దాని పేరు 'కోడిపుంగి'. చిత్రమును చూచినవారికి సందేహము మిగులదు. రెండు ప్రక్కల రెక్కలు విసనకఱ్ఱలవలె విప్పుకొని, వీపుమీద ఈకలవంటి ముండ్లు నిక్కబొడుచుకొని, ఎఱుపు తెలుపు పట్టెలతో బరిలో దిగుచున్న కోడిపుంజే. సంక్రాంతికి పందెము చూచిన గోదావరి మనిషికి ఈ ఉపమానమును విడమరచి చెప్పనక్కరలేదు. పోటీలోని కత్తి కూడ దానికున్నది. వీపుముండ్లు పదుమూడు, అడుగున మరికొన్ని. ప్రతి ముంటియందును విషపుతిత్తి కలదు. గ్రుచ్చుకొన్నచో ప్రాణము పోవుట అరుదు గాని నొప్పి దుర్భరము. ఓర్చుకొనగలిగినంత వేడినీటిలో ఆ అవయవమును ముంచి యుంచిన బాధ తగ్గునని నేటి వైద్యులు చెప్పుదురు. పగలు రాతిసందులలో కదలక వ్రేలాడుచు, చీకటి పడినవేళ రెక్కలు చాచి చిన్నచేపలను మూలకు నెట్టి ఒక్క గ్రుక్కలో మ్రింగును. అది పరుగెత్తదు, పరుగెత్తవలసిన పని దానికి లేదు. ఆ పట్టెల ఆర్భాటమే ఇతరులకు హెచ్చరిక.

1831లో ఎడ్వర్డ్ బెన్నెట్ అను ఇంగ్లీషు జంతుశాస్త్రజ్ఞుడు రసెల్ వర్ణించిన ఈ కోడిపుంజు ఆధారముననే దానికి టెరోయిస్ రసెలై అని పేరు పెట్టెను. ఆ పేరు నేటికిని చెల్లుచున్నది. ఈ మారు చేప నిలిచినది, రసెల్ నిలిచెను; కోడిపుంజు పోయినది. ఇంగ్లీషువారు దీనిని సింహమత్స్యమనిరి. సింహమును ఎంతమంది జాలరులు చూచి యుందురో చెప్పలేను గాని, కోడిపుంజును చూడని జాలరిపల్లె లేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణమున మత్స్యప్రదర్శనశాలకు పోయితిని. అద్దపుపెట్టెలో ఈ చేప రాజఠీవితో నిలిచి యున్నది. క్రింద చీటీమీద తెలుగు లిపిలో 'లయన్ ఫిష్' అని వ్రాసి యున్నది. నా ముందున్న పసివాడు అద్దమునకు ముక్కు ఆనించి చాలసేపు చూచి, ఇందులో సింహమెక్కడ అని తండ్రి నడిగెను. తండ్రి జూలని చెప్పి ఊరకుండెను. వానికి ఆ జవాబు చాలలేదు. నాకు నవ్వును వచ్చినది, కొంత కష్టమును తోచినది. ఆ పసివానికి చటుక్కున అర్థమగు తెలుగు పేరు 1803లోనే లండనులో అచ్చయి యున్నది. దానిని ఇంటికి తెచ్చుకొనుటకు మనకు తీరిక లేకపోయినది.

దీని దాయాదులు రెండు ఇటీవల ప్రపంచమున అపకీర్తి సంపాదించినవి. పెంపుడు చేపలుగ అమెరికాకు చేరి, 1985 నాటికి ఫ్లారిడా తీరపు సముద్రమున కనబడినవి. తరువాత కరీబియను పగడపు దిబ్బలంతట వ్యాపించి అక్కడి చిన్నచేపలను తినివేయుచున్నవి. మన తీరమున వానిని తిను చేపలు, వానికి జడియు చేపలు తరతరములుగ నున్నవి. అక్కడి చేపలకు పుంజు కత్తి సంగతి తెలియదు.

రంగు తక్కువైనను పేరు దక్కినవి పార జాతులు. రసెల్ గ్రంథమున తోల్ పార, తోలూ పార, మూకలీ పార, బొట్ల పార అని పారలు వరుసగ వచ్చును. తోలుపార యనగా పొలుసు పైకి కనబడక చర్మము తోలువలె నుండునది; ఇంగ్లీషువారును దానిని తోలుచర్మపు చేప అనుట కలదు. 1829లో జర్మను శాస్త్రజ్ఞుడు ర్యూపెల్ ఎఱ్ఱసముద్రమున పట్టిన యొక చేపకు 'తోలూపార' అని యథాతథముగ పేరు పెట్టెను. అరబ్బుల తీరమున, జర్మను చేతి మీదుగ, లాటిను గ్రంథములో తెలుగు మాట! ఆ పేరు తరువాత చెల్లకుండ పోయినను, 1832లో కువియే పెట్టిన తోల్ నిలిచినది. అదే సంవత్సరము అతడే పెట్టిన మూకలి కూడ నిలిచినది. ఎండుచేపల సంతలో కట్టలు కట్టి అమ్ము సావళ్లు శాస్త్రమున నేటికిని సవల యే. కీలుపోతలోని సగము పుట అను పేరుగ నిలిచినది. మూకలీపారను గూర్చి మరియొక చమత్కారము కలదు. ఈ చేపపిల్లలను కృత్రిమముగ పుట్టించు విధానమును కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి విశాఖపట్టణ కేంద్రము సాధించినది. మన చెరువులలో పెంచువారు దానిని ఇండియన్ పాంపనో అనుచున్నారు. లాటినులో తెలుగు, తెలుగులో ఇంగ్లీషు. చేప మాత్రము అదే.

ఇప్పుడు మరల డెల్టాకు వత్తము. బురదకును రాతిచేపకును చుట్టరికము లేదని మొదట చెప్పినట్లు తోచియుండును. అది సగము సత్యము. రసెల్ 'రంగూ' అని వ్రాసిన చేప కలదు. రంగు అనియే నేను చదువుదును. పెద్దదైన తరువాత ఇటుకవంటి ఎరుపు. 1828లో కువియే దీనిని రంగస్ అనెను. అయితే 1775లోనే అచ్చయిన ఫోర్స్కాల్ నామకరణము ముందుండుటచే ఇదియు పర్యాయపదమైనది. ఈ చేప పెద్దదై లోతు సముద్రపు రాతిదిబ్బల చేరువ నుండును. బాల్యము మాత్రము అక్కడ కాదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలు ప్రవాహముతో తీరము చేరి, ఉప్పునీరు మంచినీరు కలియు చోట, మడచెట్ల వేళ్ల సందులలో పెరుగును. నదిలోనికి కూడ కొంతదూరము ఎగబ్రాకును. బురదనీటిలో పెద్దచేపకు వాని జాడ తెలియదు. వేళ్ల అల్లికలోనికి అది దూరలేదు. చెయ్యెత్తు బలము వచ్చిన పిమ్మట అవి మొగ దాటి సముద్రమునకు పోయి రాతిదిబ్బల వెదకికొనును.

గోదావరికి అట్టి పురిటిల్లు కోరంగి. గౌతమీపాయ సముద్రమున కలియు ప్రాంతమున మడ అడవి వ్యాపించి యున్నది. అందులో సుమారు 235 చదరపు కిలోమీటరులను 1978లో అభయారణ్యముగ ప్రకటించిరి. ఒకనాడు కోరంగి గొప్ప ఓడరేవు. ఇక్కడనుండి తూర్పుదేశములకు పోయిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనియే పిలిచెడివారు. రసెల్ ఈ దేశము విడిచిన 1789 డిసెంబరులోనే ఉప్పెన వచ్చి ఆ ఊరిని ముంచినది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనతో రేవు మరల కోలుకొనలేదు. ఓడలు పోయినవి, మడలు మిగిలినవి. కాకినాడ సముద్రమున ఎఱ్ఱచేపను పట్టు జాలరి, అది ఏ మడవేళ్ల నీడను పెరిగినదో, తన తాతల నాటి రేవునకు ఎంత చేరువ పెరిగినదో ఎరుగకపోవచ్చును.

ఎఱ్ఱచేప లోతునకు పోవుటలో ఒక తెలివి యున్నది. వెలుతురులోని రంగులలో ఎరుపును నీరు మొదట మ్రింగును. పది పదునైదు మీటరుల లోతునకు పోవుసరికి ఎరుపు దాదాపు నశించి, ఎఱ్ఱచేప బూడిదవన్నె నీడవలె నుండును. పైకి తీసి బుట్టలో వేసినపుడు మనము అబ్బురపడు ఆ రంగు దాని యింట దానికి ముసుగు. నిస్సారమైన రాతినీటిలో పసుపు, నలుపు పట్టెలును అట్లే. వెలుగునీడల నడుమ చేప రూపును ముక్కలుముక్కలుగ విరిచి చూపును.

రసెల్ పేరుగల రాతిచేప మరియొకటి యున్నది. బటేవియాలో డచ్చి సైనికవైద్యుడుగ నుండిన బ్లీకర్ 1849లో ఒక చారల ఎఱ్ఱచేపకు, రసెల్ గ్రంథమును స్మరించుచు, అతని పేరు పెట్టెను. శతాబ్దమున్నర పైచిలుకు కాలము మన తీరపు చేపయు, జావా మొదలగు పసిఫికు వైపు చేపయు ఒకటే యని అందరును తలచిరి. 2013లో ముగ్గురు శాస్త్రజ్ఞులు రెంటిని పరీక్షించి, హిందూమహాసముద్రములోనిది వేరుజాతి యని నిర్ణయించి దానికి ఇండికస్ అను పేరిడిరి. బ్లీకర్ చేప బటేవియాది గనుక రసెల్ పేరు అటువైపే మిగిలినది. విశాఖపట్టణమున కూర్చుండి వ్రాసినవాని పేరు విశాఖ చేపకు లేకుండ పోయినది.

విశాఖపట్టణమున సముద్రము తేరుకొని యున్న ఒక ఉదయమున, అలలు తగ్గిన వేళ, రాళ్లమీద నిలిచి క్రిందికి చూచితిని. రాతిసందున పసుపు నలుపుల చిన్న గుంపొకటి వెనుకకును ముందుకును ఊగుచున్నది. ప్రక్కన గాలము వేసికొని కూర్చున్న ముసలివానిని, తాతా, అదేమి చేప అని అడిగితిని. అతడు అటు చూడకయే, ఆ రాళ్లలోదే బాబూ అనెను.